పదకొండు తెల్ల చీటీలు

ఆ ఫ్యాక్టరీలో కొంపలు మునగని రోజంటూ ఉండదు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి యజమానురాలి బల్ల మీద ఇరవై మూడు ఎర్ర చీటీలున్నాయి. లెక్క ప్రకారమైతే ఇరవై మూడు చోట్ల పని ఆగిపోయి ఉండాలి. కిందేమో మిషన్లు ఎప్పట్లాగే చెవులు గింగుర్లెత్తేలా మోగుతూనే ఉన్నాయి.

నడకకు ఆసరా కావలసినవాళ్ళ కోసం చేతికర్రలు, చంకకర్రలు, నాలుగు కాళ్ళ స్టాండ్లు తయారుచేసే చోటు అది. నూట నలభై మంది పనిచేస్తారు. చీటీల పద్ధతి పెట్టింది యజమానురాలే. మూడేళ్ళ క్రితం దాకా ఆవిడ గది ముందు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ పని ముందయ్యేది. ఇలా కాదని ఒక ఆదివారం కూర్చుని, బుర్ర బద్దలుకొట్టుకుని, మూడు రంగుల కాగితాలు తెప్పించింది. పని ఆగిపోతే ఎర్రది. సరుకు చెడిపోతే పసుపుది. ఆగగలిగేదైతే తెల్లది. ఈ మూడు ముక్కలూ తనే రాసి ప్రతి విభాగంలోనూ గోడకు అంటించింది. మొదటి నెల హాయిగా గడిచింది. నాలుగో నెలకల్లా జనానికి కిటుకు తెలిసిపోయింది. ఎర్రది రాస్తే ఆవిడ చూస్తుంది, మిగతా రంగులు రాస్తే చూసినా చూడనట్టే. ఇంకేం, అందరికీ పనులు ఆగిపోవడం మొదలైంది.

క్యాంటీన్‌లో టీ పొడి నిండుకుంది, ఎర్రది. డ్రైవరుకు కారు నీడలో పెట్టుకునే చోటు కావాలి, ఎర్రది. అమ్మకాలు చూసుకునే మరిది ఒక్కడే తొమ్మిది రాశాడు, అందులో ఒకటి తన విజిటింగ్ కార్డు మీద ఫోన్ నంబరు తప్పు పడిందని. వీటన్నిటినీ ఒక్కొక్కటే అందించే సెక్రటరీని అందరూ గడియారం అంటారు. ఆయన ముందే అంటారు, ఆయనా పలుకుతాడు. ఒక్కో చీటీకి ఒక్క నిమిషం. చదవడం, రెండు మాటలు చెప్పడం, మూలన ఒక టిక్కు, పక్కన పొడి సంతకం. ఇందులో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. తన వేగం చూసుకుని ఆవిడకే ముచ్చటేస్తుంది కూడా, అబద్ధమెందుకు?

ఆ రోజు ఎర్రవి, పసుపువి అయిపోయి అడుగున ఒకే ఒక్క తెల్లది మిగిలింది. టిక్కు పెట్టబోతే పెన్ను రాయలేదు. విదిల్చింది. చీటీ మూలన రెండుసార్లు గీకింది. ఊహూఁ. గడియారం తన జేబులోంచి ఇంకో పెన్ను తీసి మూత విప్పేలోగా, చేసేదేమీ లేక, ఆవిడ చీటీలో ఉన్నది చదివింది.

"కొత్త బూటు తడి నేల మీద జారుతోంది. ఇది రాయడం పదకొండోసారి. తమకు వీలున్నప్పుడు చూడగలరు. తనిఖీ బల్ల."

చేతికర్ర అడుగున తొడిగే రబ్బరు తొడుగును అక్కడ బూటు అంటారు.

"పదకొండోసారా?" అంది ఆవిడ.

"తెల్లది కదా మేడం," అన్నాడు గడియారం పెన్ను అందిస్తూ. "ఆగుతుందని ఆవిడే రాసింది. తొమ్మిదీ ముప్పై ఒకటి. ఆసుపత్రి లారీ సంగతి మాట్లాడాలని మీ మరిదిగారు బయట ఉన్నారు."

ఆవిడ పెన్ను తీసుకుంది గానీ టిక్కు పెట్టలేదు. రబ్బరు సంగతి ఇంకా ఆవిడ బుర్రకెక్కలేదు. ఆవిడకు వింతగా తోచింది ఆ రాసిన మనిషి. టీ పొడికి ఎర్రది రాసే చోట కూర్చుని, ఒకే మాటను పదకొండుసార్లు తెల్లదాని మీద రాస్తుందా ఎవరైనా? ఒక్క ఎర్రది రాస్తే పోయేది కదా!

"ఎవరీవిడ? ఎలా ఉంటుంది?" అనడిగింది.

గడియారం నీళ్ళు నమిలాడు. పధ్నాలుగేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి ఎలా ఉంటుందో వర్ణించాల్సి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"కళ్ళజోడు ఉంటుందండీ," అన్నాడు చివరికి.

*

తనిఖీ బల్ల షెడ్డు చివర్న, ప్యాకింగ్ వాళ్ళకు కాస్త ముందుగా ఉంది. యజమానురాలు అటువైపు వచ్చి ఎన్ని నెలలైందో ఎవరికీ గుర్తులేదు. దారిలో ఇద్దరు ముగ్గురు పని ఆపి లేచి నిలబడ్డారు, ఎవరికి మూడిందో అనుకుంటూ. బల్ల వెనకాల యాభై దాటిన ఒకావిడ, కళ్ళజోడుకు తాడు కట్టి మెళ్ళో వేసుకుని, తలెత్తకుండా పని చేసుకుపోతోంది. కర్ర తీసుకుంటుంది. గొట్టం వెంట ఒక కన్ను మూసి చూస్తుంది, వంకర ఉందేమోనని. ఎత్తు మార్చే బొత్తాం నొక్కి, ఒక్కో చిల్లులోనూ సరిగ్గా పడుతున్న చప్పుడు వింటుంది. పిడి మెలిపెడుతుంది. చివర్న బూటు మీద బొటనవేలి గోరు గుచ్చి, వదిలి, అక్కడే ఒక్క క్షణం చూస్తుంది. ఈ గోరు గుచ్చడం వల్లే షెడ్డులో ఆవిడకు గోటి డాక్టరని పేరు.

"ఈ చీటీ మీదేనా?"

తనిఖీ ఆవిడ లేచి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "నాదేనండీ. వీలైందా?"

వెటకారమేమో అనుకుంది యజమానురాలు. ఆ మొహంలో వెటకారం మచ్చుకైనా లేదు. నిజంగానే అడుగుతోంది.

"ఎర్రది రాయొచ్చు కదండీ!"

"ఎలా రాస్తానండీ? పని ఆగితేనే ఎర్రదని మీరే రాశారు." గోడ వైపు చూపించింది. మూడేళ్ళ నాటి కాగితం, ఊడిన మూలకు కొత్తగా టేపు వేసి ఉంది. "మా పని ఆగలేదు. రోజుకు రెండొందల కర్రలు వెళ్తూనే ఉన్నాయి."

"పోనీ పసుపుది?"

"సరుకు చెడిపోతే పసుపుది. మన పరీక్షేమో పొడి నేల మీద. అందులో ఇది పాసవుతోంది. కొలత సరిపోయింది, బరువు ఆగుతోంది. కాగితం ప్రకారం చెడిపోలేదండీ." ఇంక మిగిలింది తెల్లదే కదా అన్నట్టు రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

యజమానురాలికి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. "ఇంత చాదస్తమా! ఇక్కడ అందరూ అయినదానికీ కానిదానికీ ఎర్రవే రాస్తున్నారు. మీరు ఒక్కసారి అబద్ధం రాస్తే ఏం పోయేది?"

"అందుకేనండీ రాయలేదు. రోజూ పాతిక ఎర్రవి వస్తాయట మీకు. ఏనాడైనా ఈ బల్ల నుంచి ఎర్రది వచ్చిందంటే, అది నిజంగా ఎర్రదేనని మీరు నమ్మాలి కదా."

యజమానురాలు గోడ మీది కాగితం వైపు మళ్ళీ చూసింది. పద్ధతి పెట్టింది తను. మొత్తం ఫ్యాక్టరీలో దాన్ని నమ్మి నడుచుకున్నది ఈ ఒక్క మనిషి. నమ్మిన పాపానికి, వారానికో చీటీ రాసినా, పదకొండు వారాలుగా ఈ ఒక్క మనిషి మాటే ఎవరి చెవినా పడలేదు. టీ పొడి మాత్రం అరగంటలో వచ్చింది. ఇదెక్కడి న్యాయం?

"ఏదీ, నాకు చూపించండి," అంది.

బల్ల కింద ఒక నేలపలక, పక్కన నీళ్ళ మగ్గు ఉన్నాయి. తనిఖీ ఆవిడ పలక బయటికి లాగి, తడి గుడ్డతో తుడిచి, పాత బూటున్న కర్ర చేతికిచ్చింది. "బరువంతా వేసి అడుగు వేయండి. భయం లేదు." యజమానురాలు అడుగు వేసింది. కర్ర నాటినట్టు నిలబడింది. తర్వాత కొత్త బూటున్నది ఇచ్చింది. యజమానురాలు దాని మీద ఒరిగింది. ఇదీ నిలబడింది. ఏముంది ఇందులో అనబోతుంటే, "నిలబడితే ఏం కాదండీ, కదిలితేనే," అంది తనిఖీ ఆవిడ. యజమానురాలు కాలు ఎత్తింది. కింద నుంచి ఎవరో లాగేసినట్టు కర్ర పక్కకు పోయింది. తనిఖీ ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపకపోతే మొహం బల్లకు కొట్టుకునేదే. రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్న తనకే ఇలా అయితే, కాలు కదపడానికి భయపడేవాళ్ళ గతేమిటి?

తనిఖీ ఆవిడ రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి గోరు గుచ్చింది. పాతదాని మీద గాటు పడి, మెల్లగా పూడింది. కొత్తదాని మీద గాటే పడలేదు. "గట్టిగా ఉంది కాబట్టి చూసేవాళ్ళకు నచ్చుతుందండీ. పట్టు ఉండదు."

గురువారం లారీలో పెద్దాసుపత్రికి రెండు వేల కర్రలు వెళ్ళాలి. ఆపరేషన్లయి మళ్ళీ మొదటినుంచి నడక నేర్చుకునేవాళ్ళ కోసం. అన్నిటికీ ఈ కొత్త బూటే తొడిగి ఉంది.

పైకి వచ్చేసరికి యజమానురాలు నిప్పులు కక్కుతోంది. మిగతా పది చీటీలూ తనదాకా రాకుండా ఎవరు తొక్కిపెట్టారో ఇప్పుడే తేలాలంది. గడియారం మారు మాట్లాడకుండా బీరువా తెరిచి, తెల్ల చీటీల ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. ఎవరూ తొక్కిపెట్టలేదు. పదీ ఆవిడ బల్ల మీదికే వచ్చాయి. పదింటి మీదా మూలన టిక్కు, పక్కన పొడి సంతకం. ఆరోదాని మీద చెయ్యి మరీ జోరుగా ఉన్నట్టుంది, టిక్కు తోక 'జారుతోంది' అన్న మాట మీదుగా సాగింది. ఆవిడ ఒక్కొక్కటే తిప్పింది. ఒక్కటీ చూసిన గుర్తు లేదు. సంతకం మాత్రం తనదే.

"నేను చూశానా ఇవి?"

"చూశారు మేడం," అన్నాడు గడియారం. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఒక్కోదానికీ నిమిషం కూడా పట్టలేదు."

*

సాయంత్రం ఆరున్నరకే ఇంటికొచ్చిన అమ్మను చూసి కూతురు, "ఒంట్లో బాగాలేదా?" అనడిగింది. పదేళ్ళ పిల్ల. భర్త బడిలో భూగోళం చెబుతాడు. భోజనాల బల్ల నిండా జవాబు పత్రాలు పరుచుకుని దిద్దుతున్నాడు. ఆయన దిద్దుతుంటే నిలబడి చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకు. ప్రతి లైను కిందా ఎడంచేతి వేలు నడుస్తుంది. వేలు చివరిదాకా వెళ్ళాకే కుడిచెయ్యి కదులుతుంది.

"ఒక్కో పేపరుకు ఎంతసేపు పడుతుందండీ?"

"రాసినవాణ్ణి బట్టి," అన్నాడాయన తలెత్తకుండా. "ఏం, మా బడికి కూడా ఎర్ర చీటీలు అంటిస్తావా?"

ఆవిడ నవ్వి కుర్చీ లాక్కుంది. ఫోన్ బోర్లించి పెట్టింది. తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పాలి. నాతో చెప్పాలనుకుని చెప్పకుండా ఊరుకున్నవి ఏమన్నా ఉన్నాయా?"

కూతురు క్లాసులో లాగా చెయ్యెత్తింది. "నాకు ఈత ఇష్టం లేదు."

"అదేమిటే! రెండేళ్ళ నుంచి వెళ్తున్నావు కదా?"

"నువ్వే చేర్పించావు. మానేస్తానంటే, ఆదివారం మాట్లాడదాం అన్నావు. ఏ ఆదివారమో చెప్పలేదు."

భర్త పెదవి బిగించి నవ్వాపుకున్నాడు. "మీరు నవ్వకండి. మీదేమిటో చెప్పండి," అంది ఆవిడ.

"నేను చెప్పకుండా దాచినవేమీ లేవు. అన్నీ చెప్పాను."

"ఏమిటా అన్నీ?"

"వేసవిలో నన్ను హెడ్మాస్టరుగా వేస్తామన్నారు, పక్క ఊరి బడికి. వద్దన్నాను."

"మీరు హెడ్మాస్టరా! నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు మెట్లు దిగుతున్నావు. 'మంచిది' అన్నావు."

"దేనికి మంచిదన్నాను? చేరమనా, మానమనా?"

"నాకూ అదే అర్థం కాలేదు." నవ్వాడు. "మళ్ళీ అడుగుదామనుకుంటే నువ్వు చేతికి దొరకలేదు. ఇది బడి నుంచి వచ్చే వేళకు ఎవరో ఒకరం ఇంట్లో ఉండాలి కదా అని, వద్దని రాసిచ్చేశాను."

"ఇప్పుడు అడిగితే?"

"వేరే ఆయన చేరిపోయాడు. మంచాయనే."

ఆయనకు కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది, రెండు మాటలు అనిపించుకుని తేలికపడేది. ఆవిడ కళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. కూతురు చూడకుండా తుడుచుకుందామనుకుంది గానీ అది చూడనే చూసింది.

"మీకు బాధేసిందా?" అనడిగింది భర్తను.

"వేసింది," అన్నాడాయన దాచకుండా. "ఓ వారం పాటు." తర్వాతి పేపరు దగ్గరికి లాక్కున్నాడు. ఆవిడ అక్కడే కూర్చుని, ఆ వేలు లైను వెంట చివరిదాకా వెళ్ళడం చూస్తూ ఉండిపోయింది.

*

మంగళవారం చీటీల పళ్ళేన్ని పక్కన పెట్టించి ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంది. ఈ కొత్త బూటు మన గుమ్మంలోకి ఎలా వచ్చింది? ఇన్నాళ్ళూ బూట్లు ఇచ్చిన పాత రబ్బరాయనకు ఏం రోగమొచ్చింది? నోట్‌బుక్ కూడా లేకుండా కాలినడకన బయల్దేరింది. స్టోరులో మనిషి కొనుగోళ్ళ వాళ్ళను చూపించాడు. కొనుగోళ్ళ వాళ్ళు ఒక ఎర్ర చీటీ చూపించారు. పన్నెండు వారాల కిందటిది, మరిది చేతిరాత. "పాత రబ్బరాయన పది రోజులు ఆలస్యమంటున్నాడు. పని ఆగిపోతుంది. కొత్తవాడు రేపే ఇస్తాడు." దాని కింద ఆవిడ అక్షరాలు, "వెంటనే కానివ్వండి."

ఆ రోజు ఆవిడకు బాగా గుర్తుంది. అంత చిక్కును నలభై సెకన్లలో తేల్చిపారేశానని కారులో ఇంటికెళ్తూ మురిసిపోయింది. భర్తకు చెప్పింది కూడా. ఆయన శ్రద్ధగా విన్నాడు.

మరిదిని పిలిచి లారీ ఆపేస్తున్నానంది.

మరిది కూర్చోలేదు. కూర్చుని మాట్లాడే అలవాటు అతనికి పుట్టుకతోనే లేదు. "వదినా, నీకేమన్నా అయిందా? ఆ ఆసుపత్రి చుట్టూ ఏడాదిపాటు చెప్పులరిగేలా తిరిగాను. ఇప్పుడు లారీ ఆపితే జన్మలో మన మొహం చూస్తారా వాళ్ళు?"

"బూటు జారుతోంది."

"పరీక్షలో పాసైంది కదా!"

"మన పరీక్ష పొడి నేల మీద. ఆసుపత్రిలో పూటకోసారి నేల తుడుస్తారు."

"ఎవరో ఒకావిడ గోరు గుచ్చి చెప్పిందని రెండు వేల కర్రలు ఆపుతావా? ఆ గోటికేమన్నా సర్టిఫికెట్ ఉందా?"

ఆవిడ వాదించలేదు. మరిదిని షెడ్డులోకి తీసుకెళ్ళి తడి పలక ముందు నిలబెట్టింది. అతను ఇలాంటివి చాలా చూశానన్నట్టు కర్ర అందుకుని ఠీవిగా అడుగు వేశాడు. మరుక్షణం రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. ప్యాకింగ్ వాళ్ళు నవ్వాపుకోలేక మొహాలు అట్టపెట్టెల్లో దూర్చారు. మరిది మొహం కందగడ్డయింది.

"సరే, జారుతోంది. ఒప్పుకున్నా," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక పని చేద్దాం వదినా. లారీ వెళ్ళనిద్దాం. పది రోజుల్లో పాత రబ్బరాయన బూట్లు ఇస్తాడు, మనవాళ్ళు వెళ్ళి చడీచప్పుడు లేకుండా మార్చేసి వస్తారు."

"ఆ పది రోజులూ?"

మరిది కిందపడ్డ కర్రను తీసి బల్లకు ఆనించాడు. చెడ్డవాడేం కాదు. నిజానికి ఆ ఫ్యాక్టరీలో సగం అతని తిరుగుడు వల్లే నడుస్తోంది. పని ఆగడాన్ని మించిన పాపం లేదని అతను నేర్చుకున్నది కూడా వదిన దగ్గరే.

ఆవిడ అక్కడే నిలబడి ఆసుపత్రి కొనుగోళ్ళ అధికారికి ఫోన్ చేసింది. లారీ రావడం లేదని, ఎందుకు రావడం లేదో కూడా, ఏదీ దాచకుండా చెప్పింది. ఆలోచించుకుని చెబుతామన్నారు. ఫోన్ పెట్టేశాక ఆవిడకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఏది ముందో తెలిస్తే ఇంత తేలికా అనుకుంది. కాస్త గర్వంగా కూడా ఉంది.

"మరి వెళ్ళిపోయినవండీ?" అంది తనిఖీ ఆవిడ.

"ఏవి?"

"ఈ పదకొండు వారాల్లో దుకాణాలకు వెళ్ళినవి. నమూనా అని ఏడు వారాల కిందట ఆసుపత్రికి పంపిన అరవై." కళ్ళజోడు తీసి గుడ్డతో తుడుచుకుంది. "లారీలోవి ఇంకా మన దగ్గరే ఉన్నాయి కదండీ. జనం చేతుల్లో ఉన్నవాటి గురించే నేను రాసింది."

యజమానురాలు నోటి మీద చెయ్యి వేసుకుంది. రెండు రోజులుగా అందర్నీ అడుగుతూ తిరిగింది. తిరిగి తిరిగి, మళ్ళీ తన గుమ్మం ముందున్నదాన్నే పట్టుకుని కూర్చుంది. లారీ కళ్ళకు ఎదురుగా ఉంది కాబట్టి లారీ కనిపించింది. సిగ్గేసింది ఆవిడకు, పచ్చిగా చెప్పాలంటే చెంప ఛెళ్ళుమన్నట్టుంది.

దుకాణాలన్నిటికీ ఫోన్లు చేయించే పని గడియారానికి అప్పజెప్పింది. ఒక్కో ఫోనుకు ఒక్క నిమిషం చాలదని కూడా చెప్పింది. పాత బూట్లు ఎక్కడైనా మిగిలాయా అనడిగితే, తనిఖీ ఆవిడ బల్ల వెనక నుంచి అట్టపెట్టె ఒకటి కాలితో బయటికి తోసింది.

"పారేయమన్నారండీ. చేతులు రాలేదు. తొంభై ఉన్నాయి."

*

బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి నడక గదిలో యజమానురాలు, తనిఖీ ఆవిడ ఇద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గది పొడుగునా రెండు వరసల కమ్మీలు, చివర్న నిలువెత్తు అద్దం, కింద తళతళలాడే నున్నటి గచ్చు. నడక నేర్పే ఆయన వార్డులన్నీ తిరిగి కర్రలు పోగుచేసుకొచ్చి వాళ్ళ ముందు పడేశాడు. నలభై ఒకటి దొరికాయి. మిగతావి మనుషులతోపాటు ఇళ్ళకు వెళ్ళిపోయాయి, వాళ్ళ చిరునామాలు రాసిచ్చాడు.

కొత్త బూటును మెలితిప్పి ఊడదీయడం, పాతదాని లోపల సబ్బునీళ్ళు రాయడం, ఎక్కించి నేలకేసి మూడుసార్లు గట్టిగా మోదడం. తనిఖీ ఆవిడ ఐదు పూర్తి చేసేసరికి యజమానురాలు ఒకటి చేసింది, అదీ వంకరగా.

"పైపైన పెడితే కూర్చోదండీ. చివరిదాకా తోయాలి," అంది తనిఖీ ఆవిడ దాన్ని ఊడదీసి మళ్ళీ ఇస్తూ.

"నాకు పైపైన పెట్టడమే అలవాటు," అంది యజమానురాలు. ఇద్దరూ నవ్వారు. పధ్నాలుగేళ్ళలో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి.

కర్రలన్నీ అయ్యాక యజమానురాలు అడగడానికి భయపడుతున్నది అడిగింది. "ఎవరైనా పడ్డారా?"

"పడ్డవాళ్ళు లేరు," అన్నాడు నడక నేర్పే ఆయన. "ఒకావిడ మాత్రం తూలింది, నేను పక్కనే ఉండి పట్టుకున్నాను. అప్పట్నుంచి మంచం దిగనంటుంది. మూడు వారాలైంది. ఇలాగే పడుకుంటే ఇంక ఎప్పటికీ లేవలేవమ్మా అని చెప్పి చూశాను. ఆవిడతో మీరు మాట్లాడగలరేమో చూడండి, నావల్ల కాలేదు."

ఆవిడ మంచం వార్డులో కిటికీ పక్కన ఉంది. అరవై ఐదేళ్ళుంటాయి. బస్సు కండక్టరుగా చేసి మానేసిన మనిషి, వార్డంతా కండక్టరమ్మ అనే పిలుస్తోంది. తుంటికి ఆపరేషనైంది. పోగులో చేరని కర్ర ఒకటి గోడకు చేరేసి ఉంది, దాని పిడికి తువ్వాలు ఆరేసింది.

"ఎవరమ్మా మీరు? నన్ను నడవమనడానికైతే వచ్చిన దారినే వెళ్ళండి."

"ఒక్కమాట చెప్పి వెళ్తామండీ."

"నేనే చెబుతా, వినండి. ముప్పై ఒక్క ఏళ్ళు కదిలే బస్సులో నిలబడ్డాను. రెండు చేతులా టిక్కెట్లు కోస్తూ, దేన్నీ ఆనుకోకుండా. డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తే జనమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడేవాళ్ళు. నేను మాత్రం పడేదాన్ని కాదు. అలాంటిదాన్ని ఈ నున్నటి గచ్చు మీద నాలుగడుగులు వేయలేకపోయాను. నా కాళ్ళ పని అయిపోయిందని నాకు తెలిసిపోయింది. మెట్లెక్కలేనని మేడ మీద నా గది కూడా మనవరాలికి ఇచ్చేశాను. ఇంక నన్ను విసిగించకండి."

యజమానురాలు తువ్వాలు తీసి మంచం మీద పెట్టి, కర్ర చేతిలోకి తీసుకుంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"కాళ్ళు కాదండీ. కర్ర," అంది. "దీన్ని చేసింది మేమే. దీని కింద రబ్బరు మంచిది కాదు, తడి ఉంటే జారుతుంది. ఈవిడ మా దగ్గరే పనిచేస్తారు. పదకొండుసార్లు రాసి చెప్పారు. నేను సంతకం పెట్టాను గానీ చదవలేదు."

కండక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిట్లకు సిద్ధపడే వచ్చింది యజమానురాలు. ఎన్ని తిట్టినా పడదామనుకుంది.

"అయితే," అంది కండక్టరమ్మ మెల్లగా, "నా కాళ్ళు బాగానే ఉన్నాయా?"

"మొదట్నుంచీ మొత్తుకుంటోంది అదే కదమ్మా!" అన్నాడు వెనక నుంచి నడక నేర్పే ఆయన.

కండక్టరమ్మ కాసేపు తన పాదాల వంక చూసుకుంది. తర్వాత ఉన్నట్టుండి గొంతెత్తింది. "మూడు వారాలు! మూడు వారాలు ఈ మంచానికి అతుక్కుపోయాను కదా! బతిమాలడానికి వచ్చిన కోడల్ని కసిరి పంపించాను. మనవరాలు నా గది గోడలకు గులాబీ రంగు కూడా వేయించేసుకుందట!" దుప్పటి పక్కకు తోసింది. "ఆ కర్ర ఇలా ఇవ్వండి."

తనిఖీ ఆవిడ అప్పటికే బూటు మార్చేసింది. అలవాటుకొద్దీ గోరు గుచ్చి చూసి అందించింది. గచ్చు అప్పుడే తుడిచి వెళ్ళారు, తడి ఇంకా మెరుస్తోంది. ఆరేదాకా ఆగుదామన్నాడు నడక నేర్పే ఆయన. కండక్టరమ్మ ఆయన్ని ఒక్క చూపు చూసింది. టిక్కెట్టు కొనకుండా దిగబోయేవాణ్ణి చూసినట్టు. "తడి మీదే," అంది.

ఆవిడ కుడిచేత్తో కర్ర పట్టుకుంది, ఎడంచేత్తో యజమానురాలి మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇనుములా ఉంది. ఒక అడుగు. కర్ర నిలబడింది. రెండు. మూడో అడుగు దగ్గర ఆగి ఊపిరి బిగబట్టింది, తనిఖీ ఆవిడ వెనక నుంచి రెండు చేతులూ చాచి ఉంచింది. మూడు. నాలుగు.

యజమానురాలి ఫోన్ మోగింది. ఖాళీగా ఉన్న చేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకుంది. మరిది.

"వదినా, వాళ్ళు ఆర్డరు మొత్తం రద్దు చేస్తామంటున్నారు. నేను ఇక్కడే, ఆసుపత్రి కింద అంతస్తులో ఉన్నాను. పై అధికారి ఇంకో పావుగంటలో ఊరెళ్ళిపోతాడు. యజమాని వచ్చి మాట్లాడితే ఏమన్నా వింటాడేమో. పరిగెత్తుకురా!"

ఇది విజిటింగ్ కార్డుల గొడవ కాదని ఆవిడకు తెలుసు. రెండు వేల కర్రలు, ఏడాది తిరుగుడు, నూట నలభై మంది పని. మోచేతి మీద పట్టు సడలడం కూడా తెలిసింది. కండక్టరమ్మకు ఫోన్‌లో మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"మీకు పనున్నట్టుంది. వెళ్ళండమ్మా," అంది కండక్టరమ్మ. "నాదేముంది, రేపు చూసుకుందాం."

యజమానురాలు ఆవిడ చెయ్యి లాగి మళ్ళీ తన మోచేతి మీద వేసుకుంది.

"విన్నానయ్యా," అంది ఫోన్‌లో. "ఆర్డరు రద్దు చేస్తామంటున్నారు. పావుగంటలో ఆయన వెళ్ళిపోతాడు. అంతా విన్నాను. నువ్వే వెళ్ళి మాట్లాడు. తప్పు మనదేనని, అన్ని కర్రలూ వెనక్కి తెప్పిస్తున్నామని ఉన్నదున్నట్టు చెప్పు. ఏమీ దాచకు."

"నేనా? మరి నువ్వు?"

"నేను ఒకావిడతో నడుస్తున్నాను."

ఫోన్ జేబులో పడేసింది. మళ్ళీ మోగింది, మోగి మోగి ఊరుకుంది. ఇద్దరూ వార్డు చివర్న, తలుపు పక్కనున్న అద్దం దాకా వెళ్ళారు. అద్దంలో తనను చూసుకుని కండక్టరమ్మ చెదిరిన జుట్టు సర్దుకుంది. వెనక్కి తిరగడానికి కర్ర ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, తలుపు అవతలికి తొంగిచూసింది.

"ఇక్కడ మెట్లెటువైపు?" అంది.